మా హాల్లో యుద్ధం బొమ్మ

కాన్వాసు లిఫ్టులో పట్టలేదు. మస్కట్‌లోని ఘాలాలో ఉన్న ఇంటీరియర్ కంపెనీ వాళ్లు దాన్ని వ్యాన్‌లో పంపారు. తెచ్చిన డ్రైవరు జగిత్యాల వైపు మనిషి, నడివయసు దాటినవాడు. దాన్ని నెత్తిన పెట్టుకుని మెట్ల మీదుగా మా అంతస్తు దాకా మోసుకొచ్చి, హాల్లో గోడకు ఆనించి చెమట తుడుచుకున్నాడు. కాన్వాసుతో పాటు వచ్చిన రంగుల ప్రింటును నేను విప్పుతుంటే ఆయనా తొంగి చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"గిదేంది చెల్లె, కొట్లాట బొమ్మ? గిసొంటియి ఇంట్ల వెడ్తరా ఎవలన్న?"

"మా ఇంటికి గాదన్నా. ఒక ఒమానీ పెద్దాయన ఇంట్ల, వచ్చినోళ్లు కూసునే మజ్లిస్‌కట. గీసి ఇచ్చుడే నా పని."

"గీసెటిదాంక నీ ఇంట్లనే ఉంటది గద." చెప్పులు తొడుక్కుంటూ మళ్లీ వెనక్కి తిరిగి చూశాడు. "దీపమన్న మంచిగ వెట్టుకో చెల్లె."

ఆ మాట నాకు కొత్త కాదు. మా వైపు ఇళ్లలో కురుక్షేత్రం పటం ఉంటుంది. కానీ అందులో గుర్రాలు నిలబడి ఉంటాయి, కృష్ణుడు మాట్లాడుతుంటాడు, అర్జునుడు చేతులు జోడించి వింటుంటాడు. యుద్ధం మొదలైన తరవాతి పటం ఎవరూ గోడకు కొట్టరు. కొడితే ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుందంటారు. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఇలాంటివి ఒకరికొకరం చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆ రోజు కూడా నవ్వుకున్నాను.

నిజానికి ఆ రోజు ఏం విన్నా నవ్వేదాన్నే. హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదివాను. పెళ్లి, మస్కట్, పాప, ఈ వరసలో బ్రష్షులు ఏ సూట్‌కేసు అడుగుకో చేరిపోయాయి. మా ఆయన మస్కట్‌కు దూరంగా బహ్లాలో ఒక బిల్డింగ్ సైట్ మీద ఫోర్మన్. గురువారం సాయంత్రం వస్తాడు, శనివారం పొద్దుగూకే వేళకు వెళ్లిపోతాడు. మిగతా వారమంతా బౌషర్‌లోని ఈ ఫ్లాటులో నేనూ, నాలుగేళ్ల పాపా. అలాంటిది, నాకంటే పొడవైన కాన్వాసు నా హాల్లోకి వచ్చింది. దాని ముందు ఊరికే అటూ ఇటూ నడిచాను.

ప్రింటులో ఉన్నది మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక ఇటలీ చిత్రకారుడి పని. కాలేజీలో మా కళాచరిత్ర పుస్తకంలో ఆయనకు అర పేజీ దక్కింది. జీవితమంతా యుద్ధాలే గీశాడని ఉండేది. దేవుళ్లను గీసినవాళ్లకు, రాజుల ముఖాలు గీసినవాళ్లకు పేజీలకు పేజీలు ఇచ్చిన పుస్తకం అది. ఈయన్ని మేం పరీక్షకు కూడా సరిగా చదవలేదు. ఇప్పుడు ఆయన గీసిన ప్రతి గుర్రాన్నీ నా చేత్తో మళ్లీ గీయాలి. అందుకని పాప పడుకున్నాక ఫోన్లో ఆయన గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను.

ఉత్తరాన ఒక పట్టణంలో జీనులు కుట్టేవాడి కొడుకట. అందుకే ఆయన చిత్రాల్లో మనుషుల చేతులు ఒక్కోసారి తప్పుతాయి గానీ జీను పట్టీ తప్పదు. ఏ బకిల్ ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. తండ్రి అతన్ని చర్చిల్లో బొమ్మలు వేసే ఒక గురువు దగ్గర చేర్చాడు. దేవదూతల రెక్కలు కుదరక ఆ గురువు తిప్పి పంపేశాడు. అదే చలికాలం ఏదో సైన్యం ఆ ఊళ్లో దిగింది. తెగిన జీనులు బాగు చేయించుకోవడానికి సైనికులు వాళ్ల దుకాణానికి వచ్చేవారు. కుట్టేదాకా కూర్చుని యుద్ధం కబుర్లు చెప్పేవారు. ఒక్కొక్కరు చెప్పేది ఒక్కో రకం. ఒకడికి బురద గుర్తు, ఒకడికి ముందున్న గుర్రం వెనక భాగం గుర్తు, ఇంకొకడికి పొగ తప్ప ఏమీ గుర్తులేదు. మొత్తం చూసినవాడు ఒక్కడూ లేడు. జీవితంలో ఆయన యుద్ధానికి దగ్గరగా వెళ్లింది అంతవరకే. దుకాణంలో కూర్చుని విన్నాడు. ఆ తరవాత యాభై ఏళ్లో ఇంకా ఎక్కువో యుద్ధాలు గీశాడు, ఒక్కటీ కళ్లతో చూడకుండా.

ఆయన పద్ధతి కూడా తెలిసింది. ముందు కాన్వాసంతా గోధుమరంగు పూయాలి. దాని మీద పొగ వేయాలి. పొగలోంచి గుర్రాలు తీయాలి. మనుషులు ఆ తరవాత. నేనూ అలాగే మొదలుపెట్టాను. హాల్లో కింద చాప పరిచి పాపను రంగు పెన్సిళ్లతో కూర్చోబెట్టాను. తను పెన్సిళ్లు వదిలేసి కాన్వాసునే చూస్తూ కూర్చునేది.

"అమ్మా, గుర్రాలెప్పుడొస్తయ్?"

"రేపొస్తయ్."

"ఏడికెళ్లి వస్తయ్?"

"గా పొగలకెళ్లి."

"మరి పొగలకు ఏడికెళ్లి వచ్చినయ్?"

నవ్వుతూ పూత పూస్తున్నాను. వెనకనుంచి పెన్సిల్ దొర్లిన చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే పాప కళ్లు ఒక పక్కకు వెళ్లిపోయి అక్కడే ఆగిపోయాయి. ఒళ్లు కర్రలా బిగిసింది. తరవాత చేతులూ కాళ్లూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పిలిచాను. గట్టిగా పిలిచాను. నా గొంతు తనదాకా వెళ్లడం లేదని తెలుస్తూనే ఉంది, అయినా అరిచాను. నా చేతుల నిండా గోధుమరంగు. ఆ చేతులతోనే ఎత్తుకుని, తలుపు తీసిపెట్టి, కింది అంతస్తుకు పరుగెత్తాను.

అక్కడ భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉంటుంది. పెద్దాసుపత్రిలో నర్సు. దేవుడి దయవల్ల ఆ రోజు ఆవిడకు డ్యూటీ లేదు. తలుపు తీసి ఒక్కసారి చూసిందంతే.

"ఎత్తుకోకమ్మా, పడుకోబెట్టు! పక్కకి తిప్పు. నోట్లో ఏం పెట్టకు."

"అక్కా ఏదన్న చెయ్యక్కా!"

"చేసేదేం లేదు. వదిలెయ్."

"వదిలెయ్యడమేందక్కా!"

"వదిలెయ్యడమే. పట్టుకోకు. దెబ్బ తగలకుండా చూస్కో చాలు. అదే ఆగుద్ది."

ఆగింది. ఎంతసేపటికో నాకు తెలియదు. పాప నిద్రలోకి జారిపోయింది. చెంప మీద నా చేతి రంగు. అక్క తడిగుడ్డతో ఆ రంగు తుడుస్తూ ఏదో ప్రార్థన గొణుక్కుంది. నేను గోడకు జారబడి కూర్చున్నాను. నా బిడ్డకు అంత జరుగుతుంటే పక్కన కూర్చుని చూడడమే వైద్యమట. అది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఆసుపత్రిలో ఫిట్స్ అన్నారు, ఒక సిరప్ రాశారు. పొద్దున, రాత్రి. జ్వరం లేకుండా వచ్చింది కాబట్టి పరీక్షలు చేయాలన్నారు. నేను ఒకటే అడిగాను, మళ్లీ వస్తుందా అని. డాక్టరు మంచివాడు. అబద్ధం చెప్పలేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. చాలామంది పిల్లలకు పెద్దయ్యాక పోతుందన్నాడు. మా పాప ఆ చాలామందిలో ఉందో లేదో చెప్పే పరీక్ష ఏదన్నా ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వస్తుందా? ఆ రోజు నుంచి ఇదొక్కటే నా ప్రశ్న. స్నానం చేయించేటప్పుడు అదే, అన్నం కలిపేటప్పుడు అదే.

ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని కాన్వాసును గోడవైపు తిప్పడం. ఎందుకు తిప్పానని నన్ను నేనే అడగలేదు. మర్నాడు పాపను చూడడానికి పైకి వచ్చిన అక్క అడిగింది.

"ఏంటమ్మాయ్, బొమ్మని గోడకి తిప్పేసేవ్? దానికేమన్నా శిక్ష వేసేవా?"

"ఏం లేదక్కా, ఎండ పడుతుందని."

"ఎండా! ఈ గోడ మీదా?" నా మొహం చూసి గొంతు తగ్గించింది. "మా అమ్మ ఆదివారం ఆదివారం చర్చికెళ్లే మనిషే. గుడ్లగూబ అరిస్తే మాత్రం పొయ్యిలో ఉప్పు వేసేది. నాకు చెప్పకులే. ముందు ఇడ్లీ తిను, తెచ్చేను."

పరీక్ష రోజున పాపను రాత్రంతా నిద్రపోనివ్వకుండా తీసుకురమ్మన్నారు. తల నిండా వైర్లు అంటించి, అప్పుడు పడుకోబెట్టి, మెదడులో ఏం జరుగుతుందో గీతల్లో చూస్తారట. మా ఆయనకు సైట్‌లో స్లాబు పడే రోజు. రాలేకపోయాడు. పాప లోపల నిద్రపోతుంటే నేను కారిడార్‌లో కుర్చీలో కూర్చున్నాను. నిద్రలేక కళ్లు మండుతున్నాయి. ఆలోచన తెగడానికి ఫోన్ తీసి ఆ చిత్రకారుడి దగ్గరకే వెళ్లాను. గోడకు తిప్పేసినవాడి దగ్గరకు.

ముప్పై దాటాక ఆయన రోమ్ చేరాడు. అప్పటికి యుద్ధం బొమ్మలకు మంచి గిరాకీ ఉండేది. సంపన్నుల ఇళ్లలో తలుపుల పైన, భోజనాల గదుల్లో జంటలు జంటలుగా వేలాడదీసేవారట. అడిగినవాడికి అడిగిన కొలతలో ఇచ్చేవాడు. సరుకు నిలవ ఉంచడానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. చిత్రమంతా పూర్తి చేసి, మనుషుల తలలు మాత్రం వదిలేసేవాడు. కొనేవాడు వచ్చి నిలబడ్డాక, అతను ఎవరి పక్షమో కనుక్కుని, గుర్రాల మీదున్నవాళ్లకు ఆ పక్షపు టోపీలో శిరస్త్రాణాలో పెట్టేవాడు. కింద పడ్డవాళ్లకు అవతలి పక్షానివి. పొగ అదే, గుర్రాలు అవే, పడ్డవాళ్లూ వాళ్లే. ఎవరు గెలిచారన్నది మాత్రం చివరి రోజు తేలేది.

ఆయన పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు పుట్టారు. పేరు వచ్చింది. ఒక వేసవిలో ఒక జమీందారు ఊరి బయట తన భవంతిలో గోడలన్నిటికీ యుద్ధాలు వేయమని పిలిపించుకున్నాడు. ఆయన అక్కడుండగానే ఊళ్లో ప్లేగు వచ్చింది. ఊరి కోటగోడ తలుపులు మూసేశారు. లోపలివాళ్లు బయటకు రాకూడదు, బయటివాళ్లు లోపలకు పోకూడదు. భార్యా పిల్లలు లోపల. ఆయన బయట. తలుపులు తెరిచేదాకా ఆ నెలలన్నీ ఆయన గీస్తూనే ఉన్నాడు. పండితులందరి మాట ప్రకారం ఆయన చేసినవాటిలో అత్యుత్తమమైనవి ఆ నెలల్లో గీసినవే. బ్రష్షు వేగం గురించి, బూడిదరంగు గురించి పేరాలకు పేరాలు రాశారు. తలుపులు తెరిచాక లోపల ఎవరు మిగిలారన్నది ఒకే ఒక్క వాక్యం. భార్య, చిన్న కొడుకు పోయారు, కూతురు బతికింది. ఆ వెంటనే మళ్లీ బూడిదరంగు.

నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ రాసినవాళ్ల మీదా, గీస్తూ కూర్చున్న ఆయన మీదా? గోడ బయట నిలబడి ఆయన ఏం చేయాలి మరి? ఏం చేయగలడు? నా ముందున్న తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. లోపలికి రాకూడదని దానర్థం. నేను ఫోన్ ఆపేసి ఆ బల్బునే చూస్తూ కూర్చున్నాను.

పరీక్షలో గీతలు కొంచెం తేడాగా ఉన్నాయన్నారు. అంటే మళ్లీ వస్తుందా? రావచ్చు. మందు పని చేస్తే రాకపోవచ్చు.

ఆ గురువారం మా ఆయన వచ్చాడు. సైట్ దుమ్ము కూడా కడుక్కోకుండా పాప పక్కన కూర్చున్నాడు. పాప నిద్రపోయాక హాల్లోకి వచ్చి, కాన్వాసు వీపు చూస్తూ నిలబడ్డాడు.

"బొమ్మ వాపస్ ఇచ్చెయ్," అన్నాడు.

"బొమ్మతోని వచ్చిందా ఏంది?"

"వచ్చిందని నేనన్ననా? నాకు తెల్వది. నీకు తెల్వది. గంత సదువుకున్న డాక్టర్‌కే తెల్వది. ఎవలికి తెల్వనప్పుడు ఒక్కటి తక్వ చేసుకుంటే ఏం పోతది?"

కాన్వాసును గోడకు తిప్పి నేను చేసిందీ అదే కదా. తనే ఆ ప్రింటు తీసి దీపం కిందకు పట్టుకెళ్లి చాలాసేపు చూశాడు. సైట్ మీద డ్రాయింగు చూసినట్టు మూల నుంచి మూలకు చూశాడు.

"ఇంతమందిల ఫోర్మన్ ఎవడు?"

"ఎవడు లేడు."

"గందుకే గిట్లయింది." నాకు నవ్వొచ్చింది. ఎన్ని రోజులకో. తనూ నవ్వి, వెంటనే ఆపేశాడు. "గియ్యి తియ్. ఖాళీగుంటే పొద్దుమాపు బిడ్డ మొఖమే చూసుకుంట కూసుంటవ్. అది గూడ బెదురుతది."

శనివారం వెళ్లేముందు కాన్వాసును తనే తిప్పి పెట్టాడు.

మళ్లీ మొదలుపెట్టాను. పాప చాప మీద, నేను కాన్వాసు దగ్గర. ఒక గీత గీసి ఒకసారి వెనక్కి చూసేదాన్ని. పాప ఏదైనా ఆలోచిస్తూ ఒకవైపు చూపు నిలిపితే చాలు, నా చేతిలో బ్రష్షు ఆగిపోయేది. "ఏం జూస్తున్నవ్ బిడ్డా?" అంటే, "ఏం లేదే! ఊకె అడుగుతవ్," అని విసుక్కునేది. పని నత్తనడక నడిచింది. అయినా నడిచింది. పొగలోంచి గుర్రాలు ఒక్కొక్కటే వచ్చాయి.

కాపీ చేస్తేగానీ తెలియని సంగతి ఒకటుంది. ఈ చిత్రాలన్నీ ఒక చిన్న గుట్ట మీద నిలబడి చూసినట్టుంటాయి. ముందు వైపు కొంచెం ఎత్తైన నేల, రెండు రాళ్లు, ఒక ఎండుకొమ్మ. దాని కింద అంతా యుద్ధం. ఆ గుట్ట మీద ఎవరూ ఉండరు. చూసేవాడు నిలబడే చోటు అది. అక్కడికి కేకలు వినిపిస్తాయి. ఎవడు పడబోతున్నాడో ముందే కనిపిస్తుంది. ఒక్క అడుగు కిందకు వేసి ఎవడి చెయ్యీ పట్టుకోవడానికి లేదు. ఏ సైనికుడూ చూడని యుద్ధాన్ని పూర్తిగా చూడాలంటే అలా ఏ పనికీ రాకుండా నిలబడాలి కాబోలు. పాపకు ఫిట్స్ వచ్చిన ఆ రోజు సంగతి తనకు ఏమీ గుర్తులేదు. మొత్తం చూసింది నేనే.

ముసలితనంలో ఆయన చూపు మందగించింది. గుర్రాలను శిష్యులకు వదిలేసి పొగ మాత్రం తనే వేసేవాడట. చివరి చిత్రాల్లో మనుషులు తగ్గిపోయారు. పొగ పెరిగిపోయింది. కూతురి ఇంట్లోనే పోయాడు. పోయాక ఆయన చిత్రాల్లో సగం ఇంకెవరెవరి పేర్లతోనో అమ్ముడుపోయాయి. యుద్ధం బొమ్మల మోజు కూడా తీరిపోయింది. ఎంతైనా తలుపుల పైన వేలాడేవే కదా, తల ఎత్తి చూసేవాళ్లు ఎందరు?

ఎండలు ముదిరే వేళకు నా కాపీ పూర్తయింది. ఆ మధ్యంతా పాపకు ఏమీ రాలేదు. మందు పట్టిందని అక్క అంది. నేను అవునని కూడా అనలేదు, ఎక్కడ దిష్టి తగులుతుందోనని. కంపెనీ వాళ్లు వచ్చి కాన్వాసు తీసుకెళ్లి పెద్దాయన మజ్లిస్‌లో బిగించేశారు. మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. చిన్నప్పుడు తండ్రితో పాటు బొంబాయిలో వ్యాపారం చేసిన మనిషి, హిందీ ధారాళంగా మాట్లాడతాడు.

"బేటీ, గుర్రాలు బాగున్నాయి. దుమ్ము బాగుంది. ఒక్క సంగతి చెప్పు. తలపాగాలున్న వాళ్లంతా నేల మీదెందుకున్నారు?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాలపు ఇటలీలో కొనేవాళ్లకు శత్రువులంటే తురుష్కులు. తెల్ల గుర్రం కింద నలుగుతున్నవాళ్లకు తలపాగాలే ఉన్నాయి. కంపెనీవాళ్లు సోఫా రంగుకు నప్పిందని ఆ ప్రింటు ఎంచారు. నేను నెలల తరబడి ఆ తలపాగాలు మడత మడతా గీశాను. ఒక ఒమానీ ఇంటి గోడ కోసం. వాళ్లకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

క్షమించమన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. "ఈ ఊరి కోటల్లోంచి పోర్చుగీసువాళ్లను తరిమింది మా తాతలు. నా మజ్లిస్‌లో వాళ్లే గెలిస్తే కాఫీకి వచ్చినవాళ్లు నన్ను బతకనిస్తారా? వచ్చి సరిచెయ్యి బేటీ. పిల్లను కూడా తీసుకురా."

ఆయన ఇంటికి మమ్మల్ని తీసుకెళ్లింది ఆ జగిత్యాలన్నే. దారిలో సంగతంతా విని, "అంటే టోపీలు మారిస్తే గెలుపు మారుతదా? మస్తుంది నీ పని," అన్నాడు. మజ్లిస్ పెద్ద గది, నేల నిండా తివాచీ. పెద్దాయన, ఆయన భార్య పాపకు ఖర్జూరాలు, హల్వా తెచ్చిపెట్టారు. కుర్చీ మీదెక్కి ముందుగా కింద పడ్డవాళ్ల తలపాగాలు చెరిపాను. గుర్రాల మీదున్న ఒకరిద్దరికి తలపాగాలు చుట్టాను. తెల్ల గుర్రం మీదున్నవాడి శిరస్త్రాణం చెరిపేసి తల బోడిగా చేశాను. అతడి తల ఇప్పటికీ అలాగే ఉందట. పెద్దాయన ఆ తరవాత ఎవరినీ ముట్టుకోనివ్వలేదట.

ఎందుకంటే అప్పుడే పెద్దావిడ "బేటీ!" అని కేక పెట్టింది. చూసేసరికి పాప తివాచీ మీద పడి ఉంది. అదే చూపు, అదే బిగుసుకోవడం. నేను కుర్చీ దిగి పరుగెత్తి పక్కకు తిప్పాను. తల కింద నా చున్నీ మడిచి పెట్టాను. అంతే. ఆపైన చేసేదేం లేదు. పెద్దాయన డాక్టరును పిలవనా, నీళ్లు తేనా అంటూ చుట్టూ తిరుగుతున్నాడు. "వద్దు, ఏమీ చెయ్యొద్దు, వదిలెయ్యాలి," అని నా నోటితో నేనే అన్నాను. ఆయన ఆగిపోయి, కింద కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి నెమ్మదిగా ఏదో చదవడం మొదలుపెట్టాడు. పెద్దావిడ నా వీపు మీద చెయ్యి వేసింది. నా బిడ్డ పళ్లు కరుస్తున్న చప్పుడు నాకు వినిపిస్తోంది.

కేక విని డ్రైవరన్న గుమ్మంలోకి వచ్చాడు. ఒక్క క్షణం చూసి, జేబులోంచి తాళాల గుత్తి తీసి, మోకాళ్ల మీద కూర్చుని దాన్ని పాప పిడికిట్లోకి దూర్చాడు. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మా వైపు అందరూ నమ్ముతారు. దానివల్ల ఏమీ కాదని అక్క నాకు ఎన్నిసార్లో చెప్పింది. నాకూ తెలుసు. చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఆగింది. తాళాల వల్ల కాదు, ఆగే వేళకు ఆగింది. అక్కకు ఫోన్ చేస్తే తను డ్యూటీలోనే ఉంది. "తీసుకొచ్చేయ్, నేను కింద గేటు దగ్గరుంటా," అంది. పాపను ఎత్తుకుని వ్యాన్ దగ్గరకు వెళ్లాం. అక్కడికి వెళ్లాక గానీ ఎవరికీ తట్టలేదు. వ్యాన్ తాళం పాప పిడికిట్లో ఉంది.

పాప నిద్రలో ఉంది. పిడికిలి మాత్రం వదల్లేదు. నేను చిటికెన వేలు ఎత్తబోయాను.

"తియ్యకు చెల్లె!" అన్నాడు డ్రైవరన్న. "ఇనుము తీస్తె మల్ల వస్తది."

"తియ్యకపోతే బండెట్ల పోతదన్నా?"

పెద్దాయన తన కారు కొడుకు తీసుకెళ్లాడని, ఫోన్ చేసి రప్పిస్తానని అన్నాడు. నేను మళ్లీ ఆ వేలు పట్టుకున్నాను. నాకు ఆ నమ్మకం లేదు. వేలు చిన్నది, మెత్తగా ఉంది, ఎత్తితే వచ్చేస్తుంది. ఎత్తలేకపోయాను. మళ్లీ వస్తే? తీసినందుకే వచ్చిందని కాదు. కానీ తీశాక వస్తే?

"ఉండుండు," అన్నాడు డ్రైవరన్న. వంగి, పిడికిలి కిందనుంచి వేలాడుతున్న రింగును రెండు గోళ్లతో పట్టుకున్నాడు. అందులో ఆయన రూమ్ తాళం, గోడౌన్ తాళాలు కూడా ఉన్నాయి. వ్యాన్ తాళాన్ని మాత్రం రింగు చుట్టూ కొంచెం కొంచెంగా తిప్పుతూ బయటకు లాగసాగాడు. గోరు జారింది. మళ్లీ పట్టాడు. ఎండలో అందరం చుట్టూ నిలబడ్డాం. ఆయన నుదుటి చెమట పాప చేతి మీద పడింది. పాప కదల్లేదు. తాళం ఊడి వచ్చింది.

వెనక సీట్లో పాపను ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. మిగతా తాళాలు తన పిడికిట్లోనే ఉన్నాయి. వేళ్లు ఎప్పుడైనా విడితే కింద పడకుండా, ఆ పిడికిలి కింద నా అరచెయ్యి పట్టి కూర్చున్నాను. రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ వచ్చింది. వ్యాన్ మెల్లగా ఎక్కి దిగింది.

"ఉన్నయా చెల్లె?" అన్నాడు అద్దంలోంచి చూస్తూ.

"ఉన్నయన్నా."

ఆసుపత్రి దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అడిగాడు. ప్రతిసారీ చూసి చెప్పాను.